ఎస్.ఇ.ఓ. ఏజెంటుకు ముందు మచ్చు, తరువాతే ధర

మిర్చి యార్డులో మచ్చు చూడకుండా టిక్కీకి ధర కట్టే వర్తకుడు వుండడు. కాయ చేత పట్టి రంగు, తేమ, తాలు చూసిన తరువాతే బేరానికి దిగుతాడు. అదే వర్తకుడు కారం పొడి, పచ్చళ్లు చిల్లరగా అమ్మడానికి వెబ్‌సైటు పెట్టుకున్నప్పుడు, ‘గూగుల్‌లో మీ దుకాణాన్ని మొదటి స్థానంలో నిలబెడతాం’ అని ఫోను చేసిన మనిషికి మచ్చు అడగకుండానే నెలజీతం ఒప్పుకుంటున్నాడు. ఈ పనిని సెర్చి ఇంజను ఆప్టిమైజేషన్, పొట్టిగా ఎస్.ఇ.ఓ. అంటారు. ఇదీ ఒక సరకే. దీనికీ నాణ్యం, తూకం, ధర వున్నాయి.

అమ్ముతున్నది ఏమిటి?

గూగుల్ ఫలితాలలో రెండు రకాలున్నాయి. ‘స్పాన్సర్డ్’ అని గుర్తు వున్నవి డబ్బు కట్టి వేయించుకున్న ప్రకటనలు. మిగిలినవి సహజ ఫలితాలు. సహజ ఫలితాలలో స్థానానికి గూగుల్ డబ్బు తీసుకోదు. మొదటి స్థానానికి ఎవరూ హామీ ఇవ్వలేరని ఆ సంస్థే వ్యాపారులకు ఇచ్చిన సలహాలలో చెప్పింది. కావున హామీ ఇస్తున్న ఏజెంటు తన చేతిలో లేని సరకును అమ్ముతున్నాడన్న మాట.

అతడు చేయగలిగిన నికరమైన పని వేరు. ప్రతి సరకుకూ విడిగా పేజీ, దానికి తగిన శీర్షిక, ధర, తూకం, సరఫరా చేసే వూళ్లు, మంచి ఫోటోలు వుండేట్టు చూడాలి. సెల్‌ఫోనులో పేజీ త్వరగా తెరుచుకోవాలి. గూగుల్ యంత్రాలు పేజీని చదవడానికి అడ్డంకులుంటే తొలగించాలి. ఫలితం కనబడడానికి సాధారణంగా 4 నెలల నుంచి ఏడాది వరకు పడుతుందని గూగుల్ సలహా. నెల రోజులలో చేస్తానన్నవారిని నమ్మనవసరం లేదు.

అందరికీ ఈ ఖర్చు అవసరం కూడా కాదు. యార్డులో టోకుగా అమ్ముకునే వారికి దీనితో పెద్దగా పని లేదు. వూళ్లోని గిరాకీయే ముఖ్యమైన దుకాణదారు ముందు గూగుల్ బిజినెస్ ప్రొఫైల్‌లో చిరునామా, ఫోను నెంబరు, పనివేళలు, ఫోటోలు నమోదు చేసుకోవాలి. అది ఉచితం.

మచ్చు అడిగే పద్ధతి

ఏడాది ఒప్పందానికి ముందు, విడిగా కొద్ది రుసుము ఇచ్చి మన వెబ్‌సైటుపై పరిశీలన నివేదిక రాయించుకోవాలి. ఏ పేజీలో ఏ లోపం వున్నది, దేనిని ముందు సరిదిద్దాలి, ఎందుకు అన్నవి అందులో మనకు అర్థమయ్యే మాటలలో వుండాలి. ఏ దుకాణానికైనా సరిపోయే మాటలే వుంటే ఆ మచ్చు తాలు అని తెలుసుకోవాలి. ఈ దశలో అతడికి లెక్కలు చూసే అనుమతి చాలు, మార్చే అనుమతి ఇవ్వరాదు. ఇదివరకు పని చేయించుకున్న ఇద్దరు ముగ్గురు వ్యాపారులతో మనమే మాట్లాడాలి.

తూకంలో మూడు మోసాలు

కాటా మనదై వుండాలి. గూగుల్ సెర్చి కన్సోల్ అనే ఉచిత సాధనంలో ఏ మాట వెతికి ఎందరు మన పేజీకి వచ్చారో తెలుస్తుంది. ఏజెంటు పంపే రంగుల పటాల కన్నా దీనినే చూడాలి.

మొదటిది, ఎవరూ వెతకని మాట. దుకాణం వున్న వీధి పేరు, సరకు పేరు కలిపిన అయిదారు మాటల వరుసకు మొదటి స్థానం తేవడం తేలిక. ఆ మాటలు వెతికేవారు లేనప్పుడు ఆ స్థానం వల్ల ఒక్క ఆర్డరూ రాదు.

రెండవది, మన పేరుతోనే వచ్చిన గిరాకీ. దుకాణం పేరు టైపు చేసి వచ్చినవాడు పాత ఖాతాదారుడే. అతడిని తన లెక్కలో చూపే ఏజెంటు, మన గుమ్మంలోకి రోజూ వచ్చే మనిషిపై కమీషన్ అడిగినట్లే. పేరు లేకుండా సరకు మాత్రమే వెతికి వచ్చినవారిని వేరు చేసి చూడాలి.

మూడవది, సీజను. ఫిబ్రవరిలో పని మొదలుపెట్టి ఏప్రిల్‌లో పెరుగుదల చూపడం గొప్ప కాదు. ఏడాదికి సరిపడా కారం కొట్టించుకునే రోజులు, ఆవకాయ పెట్టుకునే రోజులు అవే. ఈ ఏప్రిల్‌ను కిందటి ఏప్రిల్‌తోనే పోల్చాలి. సెర్చి కన్సోల్‌లో 16 నెలల లెక్క నిలవ వుంటుంది గనుక ఇది సాధ్యమే.

గిట్టుబాటు లెక్క

ఉదాహరణకు నెలకు రూ.15,000 చొప్పున 6 నెలలకు రూ.90,000 అవుతుంది. ఒక్కో ఆర్డరుపై ఖర్చులు పోను రూ.120 మిగులుతుందనుకుంటే, పెట్టిన సొమ్ము తిరిగి రావడానికే 750 అదనపు ఆర్డర్లు కావాలి. అంటే నెలకు 125, రోజుకు సుమారు 4. అన్ని ఆర్డర్లు సర్దగల సరకు, మనుషులు లేనివారు ముందు ఆ సంగతి చూసుకోవడం మేలు.

అడ్డదారి ప్రమాదం

ఇతర వెబ్‌సైట్లలో మన పేజీకి లింకులు కొని పెట్టించడం గూగుల్ నిబంధనలకు విరుద్ధం. అమెరికాలోని పెద్ద దుకాణాల సంస్థ జె.సి.పెన్నీకి ఇలాంటి లింకులు వేలాదిగా వున్నట్లు 2011 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ బయటపెట్టింది. గూగుల్ చర్య తీసుకోగానే, ఒక రకం ప్రయాణపు పెట్టెల వెతుకులాటలో 1వ స్థానంలో వున్న సంస్థ రెండు గంటలలో 71కి పడిపోయింది. ఆ లింకుల సంగతి తమకు తెలియదన్న సంస్థ తన ఎస్.ఇ.ఓ. కంపెనీని తొలగించింది. తప్పు ఏజెంటుదైనా దెబ్బ తగిలేది దుకాణానికే. అంత పెద్ద సంస్థ తట్టుకున్నది గాని, చిన్న వర్తకుడికి ఒక సీజను పోతే కోలుకోవడం కష్టం.

ఒప్పందంలో వుండవలసినవి

వెబ్‌సైటు పేరు, బిజినెస్ ప్రొఫైల్, సెర్చి కన్సోల్ మూడూ వ్యాపారి పేరనే వుండాలి. ఏజెంటు పేరన వుంటే, అతడితో తగవు వచ్చిన రోజున దుకాణం తాళం అతడి చేతిలో వుంటుంది. నెలవారీగా చేసిన పనుల జాబితా, నెల రోజుల నోటీసుతో మానుకునే వీలు, లింకులు కొనరాదన్న షరతు కాగితంపై రాయించుకోవాలి. 6 నెలల తరువాత, సరకు వెతికి వచ్చిన కొత్తవారి ఆర్డర్లు కిందటి ఏడాది అవే నెలల కన్నా పెరిగినట్లయితే ఒప్పందం కొనసాగించవచ్చు. పెరగనప్పుడు ఏజెంటు కారణం చెప్పగలగాలి. చెప్పలేకపోతే అంతటితో లెక్క తేల్చుకోవడం మంచిది.