వాన కన్నా ముందే లెక్క

ప్రశ్న: ఎర్రబోరు అనే ఊళ్లో కిరాణా కొట్టు నాది. ఏటా వానాకాలంలో దారి తెగుతుంది, సరుకు తడుస్తుంది, అరువుల వసూలు ఆగిపోతుంది. ఏం చేయాలి?

జవాబు: మీ నష్టానికి వాన ఒక్కటే కారణం కాదండీ. సరుకు, అరువు ఖాతా, రొక్కం మూడూ ఒకే గదిలో ఉన్నాయి, ఒకే దారి మీద ఆధారపడ్డాయి. గోదావరి పొంగితే దాని ఉపనది శబరి నీళ్లు వెనక్కి తన్ని కుంట పట్టణం దగ్గర మీ రహదారి మునుగుతుంది. 2022 జులైలో భద్రాచలం వద్ద నీటిమట్టం 71.3 అడుగులకు చేరింది. అలాంటి ఏడాది మళ్లీ వస్తుందనే అనుకోండి.

జూన్‌లోపే ఉప్పు, నూనె, బియ్యం కొంత ఎక్కువ తెచ్చుకోండి. మూటలను నేల మీద కాక ఎత్తైన బల్లల మీద పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం అరువు: ఒక్కో ఇంటికి హద్దు పెట్టండి, ఖాతా పుస్తకాన్ని రోజూ ఫోన్‌లో ఫొటో తీయండి. పుస్తకం తడిస్తే బాకీ కూడా పోయినట్టే! రోజువారీ అమ్మకంలోంచి కొంత బ్యాంకులో విడిగా వేయండి.

చిన్న వ్యాపారాలకు 2021 నుంచి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ బీమా ఉంది, వరద నష్టం అందులోకి వస్తుంది. అది తీసుకుంటే పాలసీలో సరుకు విలువ కూడా రాయించారో లేదో చూసుకోండి.

కొట్టు మునిగితే శుభ్రం చేయకముందే ఫొటోలు తీసి, బీమా కంపెనీకి వెంటనే తెలపండి. అప్పు వాయిదా కట్టలేననిపిస్తే, గడువు దాటకముందే బ్యాంకు మేనేజరును స్వయంగా కలవండి.