వరిచేని మొగిపురుగు

శామీర్‌పేట, మేడ్చల్ పరిసరములందు వరి పండించువారికి మొగిపురుగు పేరు క్రొత్తది గాదు. ఏపుగా పెరుగుచున్న దుబ్బులో నడిమి మొవ్వు ఎండిపోవుటయు, పచ్చని చేనిలో కొన్ని కంకులు తెల్లబడి నిలుచుటయు మన విద్యార్థులలో పలువురు చూచియే యుందురు. ఈ రెండింటికిని కారణమైన పురుగు జీవితమును తెలిసికొందము.

ఐరోపాఖండపు పచ్చికబయళ్ళలో నడచునప్పుడు చిన్న రెక్కలపురుగులు పైకి లేచి, మరల గడ్డిపరకలపై వ్రాలుచుండును. వాని కుటుంబమునకు క్రాంబిడే అని పేరు. మన మొగిపురుగును ఆ కుటుంబములోనిదే. వరియు గడ్డిజాతి మొక్కయే గదా! 1863లో వాకర్ అను ఆంగ్లేయుడు దీనిని శాస్త్రరీతిని వర్ణించెను. దీని శాస్త్రీయనామము సిర్పోఫేగా ఇన్సెర్ట్యులాస్.

ఆడపురుగు ముందురెక్కలు పసుపువన్నె గలవి. ఒక్కొక్కదాని నడుమ ఒక నల్లని చుక్క యుండును. మగపురుగు కొంచెము చిన్నది, గోధుమవన్నెది. ఇవి రాత్రివేళ దీపములకడకు వచ్చును.

ఆడపురుగు ఆకు కొనయొద్ద గ్రుడ్లను ముద్దగా పెట్టి, తన శరీరపు నూగుతో కప్పును. సుమారు వారము దినములలో గ్రుడ్లు పగిలి పిల్లపురుగులు వెలువడును. అవి సన్నని దారము విడిచి గాలికి వ్రేలాడుచు, ప్రక్క దుబ్బులకును చేరును. సాధారణముగా ఒక కాండములో ఒక్క పురుగే ప్రవేశించి లోపలిభాగమును తినును. పూర్తిగా ఎదిగినప్పుడు దాని పొడవు సుమారు 2 సెంటీమీటర్లు. పిదప అది రెక్కలపురుగు వెలుపలికి వచ్చుటకు ముందుగానే కాండమునకు రంధ్రము సిద్ధపరచి, మొదలులో తెల్లని పట్టుగూటిలో నిద్రావస్థ నొందును.

పిలకలు వేయు కాలమున పురుగు తొలిచినచో మొవ్వు చచ్చును. అప్పుడు మొక్క క్రొత్త పిలకలు వేసి కొంత కోలుకొనగలదు. కంకి వెడలు కాలమున తొలిచినచో గింజ పాలుపోసికొనదు. నిండిన కంకి బరువుచే వంగును. తెల్లకంకి తాలై నిటారుగా నిలుచును. ఆ నష్టమునకు మరల పూడిక లేదు.

కాండములోనికి దూరిన పురుగును మందు సులభముగా చేరదు. కావున గ్రుడ్ల దశయే మనకు అనువైన సమయము. నాటుటకు ముందు నారుకొనలను త్రుంచి నాశనము చేసినచో గ్రుడ్లముద్దలును పోవును. కోతపిమ్మట మోళ్ళను దున్నవలెను. పురుగు వానిలో దాగియుండును. ట్రైకోగ్రామా అను అతిసూక్ష్మమైన కందిరీగజాతి పురుగు ఈ గ్రుడ్లలో తన గ్రుడ్లు పెట్టి రైతునకు మేలు చేయును. విచక్షణలేక మందు చల్లినచో ఈ మిత్రమును నశించును.

బాలబాలికలారా! ఈసారి ఇంట నారుకట్టలు విప్పునప్పుడు ఆకుకొనలను పరికింపుడు. గోధుమవన్నె నూగుముద్ద కనబడినచో వెంటనే పెద్దలకు చూపుడు. మీ కన్నులు సకాలమున చూచినది చేనిలో అనేక కంకులను కాపాడగలదు.