క్యాన్సరు రోగుల మనోవేదన

పాఠ్యభాగము: 1 రాజులు 19:1–8



కర్మెలు పర్వతముమీద గొప్ప జయమును చూచిన ఏలీయా, యెజెబెలు బెదిరింపు విని పారిపోయెను. బెయేర్షెబాలో తన దాసుని విడిచి, ఒంటరిగా అరణ్యములోనికి ఒక దినప్రయాణము పోయి, బదరీవృక్షము క్రింద కూర్చుండి, తన ప్రాణము తీసికొమ్మని దేవుని వేడుకొనెను. ఇట్లు వేడుకొనినవాడు అవిశ్వాసి కాడు, ప్రవక్త. దేవుడు అతనిని గద్దింపలేదు. దూత వచ్చి తట్టి లేపి, రొట్టెయు నీళ్లును చూపెను; అతడు తిని మరల పండుకొనగా పండుకొననిచ్చి, రెండవమారు లేపెను. హోరేబులో మాటలాడుట తరువాతి సంగతి. మొదట ఆహారము, నిద్ర, తాకిన చెయ్యి.

మన పెద్దలు రాచపుండు అని భయపడిన క్యాన్సరు సోకినవారు మన సంఘములలో అనేకులు ఈ చెట్టు క్రిందనే కూర్చున్నారు. అప్పులు ఒకవైపు, మందులవలన జుట్టు రాలుట ఒకవైపు, రొమ్ము తీసివేయబడిన స్త్రీకి ఎవరితోను చెప్పుకొనలేని సిగ్గు మరియొకవైపు. ఊరిలో కొందరు రోగి కంచము, గ్లాసు వేరుగా పెట్టుదురు. క్యాన్సరు అంటువ్యాధి కాదు. ప్రక్కన కూర్చున్నను, కలిసి తిన్నను అంటదు. అంతకంటె బాధాకరము, విశ్వాసము చాలదనియు, ఏదో పాపము దాగియున్నదనియు విశ్వాసులే పలుకుట. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిరి.

1967లో లండనులో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిసును ప్రారంభించిన సిసిలీ సాండర్స్, మొదట నర్సుగా పనిచేసి తరువాత వైద్యురాలైన క్రైస్తవ స్త్రీ. రోగి బాధలో శరీరము, మనస్సు, కుటుంబము, ఆత్మ అన్నియు కలిసియుండునని ఆమె బోధించెను. నొప్పితో రాత్రియంతయు మేల్కొనినవాని మనస్సు ఎట్లు నిలుచును? కావున నొప్పిని ఓర్చుకొనుటయే భక్తి అనుకొనక డాక్టరుతో చెప్పవలెను. హైదరాబాదులోని ఎమ్.ఎన్.జె. ప్రభుత్వ క్యాన్సరు ఆసుపత్రిలో ఇందుకొరకే ఉపశమన చికిత్స విభాగము కలదు. అది ఆశ వదలుకొనినవారికి మాత్రమే కాదు. క్యాన్సరుకు చికిత్స జరుగుచుండగానే పొందవచ్చును.

దుఃఖము అందరికిని కలుగును. అయితే రెండు వారములు దాటినను ఏ సంగతియందును మనస్సు లగ్నము కాక, నిద్రపట్టక, నేను అందరికి భారము అను తలంపు వదలనియెడల, అది కృంగుబాటు వ్యాధి కావచ్చును. దానికి మాటలతో చేయు చికిత్సయు, మాత్రలును ఉన్నవి. మాత్రలు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును గనుక నడుమ మానరాదు. క్యాన్సరుకు వాడు స్టిరాయిడు మందులు కూడ కొందరికి నిద్ర చెడగొట్టును, డాక్టరును అడుగుడి. పిచ్చి డాక్టరు దగ్గరకా అని జంకనక్కరలేదు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుని గూర్చి విచారింపుడి. అంత దూరము పోలేనివారు 14416 నంబరుకు ఫోను చేయవచ్చును. టెలి మానస్ అను ఈ ప్రభుత్వ సేవ 2022 అక్టోబరులో ఆరంభమైనది. రాత్రింబగళ్లు, రుసుము లేకుండ, తెలుగులో మాటలాడుదురు.

చావు మేలు అని రోగి పలికినయెడల, తప్పు, అట్లనకూడదు అని నోరు మూయింపకుడి. ప్రాణము తీసికొనవలెనను ఆలోచన ఉన్నదా అని నెమ్మదిగా, సూటిగా అడుగుడి. అడిగినందున ఆ తలంపు పుట్టదు. దాచుకొనిన భారము దిగును. పురుగుమందు డబ్బాలు ఇంటనుండి తీసివేయుడి. ఒంటరిగా విడువక ఆ దినమే వైద్యుని యొద్దకు తీసికొనిపొండి.

ప్రార్థనకు వెళ్లువారికి ఒక మాట. ఫలానా వారు ఇదే జబ్బుతో పోయిరి అను కథలు అక్కడ వద్దు. ప్రార్థన చిన్నదిగా ఉండవచ్చును. కూర్చుండుట కొంచెము ఎక్కువసేపైనను మేలే. కొంచెము గంజి పట్టుకొనిపొండి.

రోగిని చూచుకొను భార్యను, ఆయన ఎట్లున్నాడని అందరు అడుగుదురు గాని, అమ్మా, రాత్రి నీవు నిద్రపోతివా అని అడుగువారు అరుదు. స్త్రీల సమాజమువారు వంతు వేసికొని, వారమునకు ఒక రాత్రి ఆమెకు బదులు ఇద్దరు కూర్చుండవచ్చును. 14416కు ఆమెయు ఫోను చేయవచ్చును.