“చిన్న పిల్లలున్నారు, కుక్కను ఇవ్వలేము” అన్నప్పుడు

ఆరోగ్య పాఠము



ఈ నెల పాఠానికి మీలో కొందరు తెచ్చిన ప్రశ్ననే తీసుకున్నాము. “పిల్లలు ఒకటే గొడవ చేస్తున్నారని కుక్కపిల్లను తెచ్చుకుందామని జంతు సంరక్షణ కేంద్రానికి వెళ్ళాము. మా చిన్నవాడికి మూడేళ్ళు అని చెప్పగానే ఇవ్వలేమన్నారు. మేమేమైనా దాన్ని చంపుకు తింటామా?” అని ఒక తల్లి అడిగారు. అమెరికాలో, ఇంగ్లండులో కాపురాలుంటున్న మన ఆడపిల్లలు, కొడుకులు కూడా ఫోనులో ఇదే మాట చెబుతున్నారని పెద్దలు అంటున్నారు. అక్కడ చాలా కేంద్రాలలో ఒక్కొక్క కుక్క ఫోటో కింద “ఐదేళ్ళు దాటిన పిల్లలున్న ఇంటికి”, “పెద్ద పిల్లలున్న ఇంటికి మాత్రమే”, “పిల్లలు లేని ఇంటికి” అని ముందే రాసి ఉంచుతారు.

ఇలా కాదనిపించుకున్న కుటుంబానికి మనసు నొచ్చుకోవడం సహజమే. అయితే ఆ కేంద్రంవారు అలా ఎందుకు అంటారో, అందులో న్యాయమెంతో, మనము చేయవలసినదేమిటో తెలుసుకుంటే నొప్పి తగ్గుతుంది. అంతకన్నా ముఖ్యంగా ఇంట్లోని పసివాడు క్షేమంగా ఉంటాడు.

వారు ఎందుకు కాదంటారు?

1. కుక్క గతం తెలియదు. హైదరాబాదులో 1992లో అక్కినేని అమల గారు మొదలైనవారు ప్రారంభించిన బ్లూ క్రాస్ వంటి సంస్థలకు బండి కింద పడి కాళ్ళు విరిగినవి, యజమానులు వదిలి వెళ్ళినవి, జబ్బుపడినవి వస్తుంటాయి. ఇటువంటి చోట్లకు చేరిన కుక్కలలో పిల్లల చేత రాళ్ళ దెబ్బలు తిన్నవి కూడా ఉండవచ్చు. పెద్దవారి దగ్గర ఎంతో నెమ్మదిగా ఉండే కుక్కే, చిన్న పిల్లవాడు చెయ్యెత్తి పరుగెత్తుకు రాగానే బెదిరిపోవచ్చు. బెదిరిన కుక్కకు పారిపోయే దారి లేకపోతే కరుస్తుంది.

2. పసిపిల్లలకు కుక్క భాష తెలియదు. మూడు నాలుగేళ్ళ బిడ్డ కుక్క తోక లాగుతాడు, చెవి పట్టుకుంటాడు, మెడ చుట్టూ చేతులు వేసి ముద్దు పెట్టుకుంటాడు. మనకు అది ముద్దు. కుక్కకు అది గొంతు పట్టుకున్నట్లే. ఇంగ్లండులోని లింకన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చిన్న పిల్లలకు కుక్కల ముఖాలు చూపించి అడిగినప్పుడు, పళ్ళు బయటపెట్టి కోపంగా ఉన్న కుక్కను చూసి అది నవ్వుతోందని చెప్పిన పసివారున్నారు. నవ్వుతోందనుకున్న ముఖానికి పిల్లవాడు తన ముఖం ఇంకా దగ్గరగా తీసుకు వెళతాడు.

3. గాయం పడే చోటు వేరు. పెద్దవారిని కుక్క కరిస్తే ఎక్కువగా కాలికో చేతికో తగులుతుంది. చిన్న పిల్లల ఎత్తు కుక్క నోటికి సమానం. అందుచేత వారికి ముఖం, తల, మెడ మీద గాయాలవుతాయి. ఇవి మెదడుకు దగ్గర కనుక రేబీస్ ప్రమాదం ఎక్కువ, వ్యాధి త్వరగా బయటపడే అవకాశమూ ఎక్కువ.

4. తిరిగి వచ్చిన కుక్కకు ఇల్లు దొరకదు. ఒక పిల్లవాణ్ణి గీరిందనో కరిచిందనో ఇంటినుండి తిరిగి పంపివేసిన కుక్కను మళ్ళీ ఎవరూ తీసుకోరు. తప్పు ఎవరిదైనా శిక్ష దానికే. కేంద్రంవారు ఆ కుక్క గురించి కూడా ఆలోచించక తప్పదు.

మా ఆసుపత్రిలో ఏ మందు ఇచ్చే ముందైనా సిస్టరు “బిడ్డ వయసెంత? బరువెంత?” అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు ఏ తల్లీ కోపగించుకోదు. కుక్కను ఇచ్చేవారు “మీ చిన్నబిడ్డకు ఎన్నేళ్ళు?” అని అడగడమూ అటువంటిదే.

వారు చేసేది ఎప్పుడూ సరైనదేనా?

ఎప్పుడూ కాదు. ఇంటిని చూడకుండా, తల్లిదండ్రులతో మాట్లాడకుండా, “ఐదేళ్ళలోపు పిల్లలుంటే ఏ కుక్కనూ ఇవ్వము” అని అందరికీ ఒకే మాట చెప్పడం వలన నష్టమూ ఉంది. కాదనిపించుకున్న కుటుంబం ఊరుకోదు. పిల్లల ఏడుపు ఆపడానికి బజారులో అమ్మేవాని దగ్గర కుక్కపిల్లను కొనుక్కు వస్తుంది. ఆ పిల్లకు ఎన్ని వారాలో, తల్లికి టీకా వేశారో లేదో ఎవరూ చెప్పరు. ఎనిమిది వారాలు నిండని కుక్కపిల్లను అమ్మకూడదని మన దేశంలో 2017 నాటి నిబంధనలు ఉన్నాయి. అయినా కళ్ళు తెరిచిన నాలుగు రోజులకే అట్టపెట్టెలో పెట్టి అమ్మేవారున్నారు.

“పిల్లదాన్ని తెస్తే మన పిల్లలతోపాటు పెరుగుతుంది, కరవదు” అని చాలామంది అనుకుంటారు. ఇది సగమే నిజం. కుక్కపిల్లల పళ్ళు సూదుల్లా ఉంటాయి, ఆటలో కూడా గీరుకుపోతాయి. కుక్కపిల్లకు కూడా రేబీస్ సోకవచ్చు. చిన్నదే కదా అని దాని గాటును తేలికగా తీసుకోరాదు. అది పెరిగి ఎటువంటి స్వభావం గలదవుతుందో ముందుగా తెలియదు. నాలుగైదేళ్ళ వయసుండి, పిల్లలున్న ఇంట్లో మునుపే మెలిగిన నెమ్మదైన కుక్క పసివారున్న ఇంటికి ఎక్కువసార్లు మేలు. కాబట్టి ప్రతి కుక్కను, ప్రతి ఇంటిని విడివిడిగా చూసి జతపరిచే కేంద్రమే మంచి కేంద్రం.

కాదన్నప్పుడు మనమేమి అడగాలి?

కోపంతో తిరిగి రాకుండా నెమ్మదిగా ఈ మూడు ప్రశ్నలు అడగండి.

మొదటిది: “ఈ ఒక్క కుక్కనే ఇవ్వరా, లేక ఏ కుక్కనూ ఇవ్వరా?” ఆ కుక్కకే అయితే, పిల్లలకు అలవాటైనది మరొకటి ఉందేమో కనుక్కోవచ్చు.

రెండవది: “మా బిడ్డకు ఎన్నేళ్ళు వచ్చాక మళ్ళీ రావచ్చు?” రెండు మూడేళ్ళు ఆగడం పెద్ద కష్టం కాదు. చెప్పిన మాట విని పాటించే వయసు ఆరేడేళ్ళకు వస్తుంది.

మూడవది: “కొన్ని వారాలు మా ఇంట ఉంచుకొని చూడనిస్తారా?” కొన్ని కేంద్రాలు ఇందుకు ఒప్పుకుంటాయి. లేదా పిల్లలతో కలిసి కొన్నిసార్లు అక్కడికే వెళ్ళి, వారి సమక్షంలో కుక్కతో మెలగడం నేర్చుకోవచ్చు.

ఇంతకూ ముందుగా మనలను మనమే అడుగుకోవలసినది ఒకటుంది. కుక్క పది పన్నెండేళ్ళు, ఇంకా ఎక్కువ కూడా బ్రతుకుతుంది. దానికి తిండి పెట్టేది, బయట తిప్పేది, టీకాలకు తీసుకువెళ్ళేది ఎవరు? చంకలో పసిబిడ్డ, పొయ్యిమీద అన్నం, ఉదయాన్నే డ్యూటీ ఉన్న తల్లి మీద ఈ పని కూడా పడేటట్లయితే ఇప్పుడు వద్దనుకోవడమే వివేకం. క్రిస్మసుకు, పుట్టినరోజుకు కుక్కపిల్లను కానుకగా ఇవ్వాలనుకునేవారు మరీ ఆలోచించాలి. నేడు డాగ్స్ ట్రస్ట్ అని పిలువబడే బ్రిటన్ సంస్థ, కుక్క పండుగ బొమ్మ కాదని, దాని జీవితకాలమంతటి బాధ్యత అని 1978లోనే ప్రచారం మొదలుపెట్టింది. పండుగ అయ్యాక రోడ్డు మీదకు వచ్చే కుక్కలను చూసే వారికి ఆ మాట విలువ తెలుస్తుంది.

కుక్క ఉన్న ఇంట్లో పాటించవలసినవి

· ఐదారేళ్ళలోపు బిడ్డను, కుక్కను పెద్దవారు లేకుండా ఒక్క నిమిషమైనా ఒకచోట విడిచిపెట్టరాదు. చిన్న పిల్లలను కరిచేవాటిలో ఎక్కువ తెలిసిన కుక్కలే. “మాది ఏమీ చేయదు” అన్న ఇంట్లోనే జరుగుతుంది.

· తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను, పిల్లలకు పాలిస్తున్న తల్లికుక్కను ముట్టుకోవద్దని పిల్లలకు రోజూ చెప్పాలి.

· కుక్క తల పక్కకు తిప్పుకోవడం, పెదవులు నాకుకోవడం, ఒళ్ళు బిగించి కదలకుండా నిలబడడం, గుర్రుమనడం — ఇవి “నన్ను వదలండి” అని చెప్పడమే. గుర్రుమన్నందుకు కొట్టవద్దు. కొడితే ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. బిడ్డను పక్కకు తీయండి.

· మూడు నెలల వయసులో రేబీస్ టీకా వేయించి, తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం ప్రతి ఏడూ వేయించాలి. నట్టల మందు పట్టించాలి. పిడుదులు పట్టకుండా చూడాలి.

· కుక్క మలంలోని నట్టల గుడ్లు మట్టిలో కలిసి పిల్లల చేతుల ద్వారా నోటిలోకి పోతాయి. వాకిట్లో మలాన్ని వెంటనే ఎత్తివేయాలి. ఆడుకున్న తరువాత, అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడిగించాలి.

· కుక్కను, పిల్లిని పెంచే ఇంటి పిల్లలకు ముందుగానే రేబీస్ టీకా ఇప్పించడం గురించి పిల్లల డాక్టరు గారిని అడగండి.

కరిస్తే లేక గీరితే

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం, రేబీస్ ఉందని అనుమానమున్న జంతువుల కాటుకు గురయ్యేవారిలో 100కి 40 మంది 15 ఏళ్ళలోపు పిల్లలే. లక్షణాలు కనిపించాక ఈ వ్యాధి దాదాపు ప్రతివారినీ చంపుతుంది. కానీ సమయానికి చికిత్స జరిగితే రాకుండా ఆపవచ్చు. 1885 జూలై 6న లూయీ పాశ్చర్ టీకా మొదటిసారిగా అందుకున్న జోసెఫ్ మైస్టర్ కూడా కుక్క కరిచిన 9 ఏళ్ళ బాలుడే. అతడు బ్రతికాడు.

1. వెంటనే కుళాయి నీటి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగాలి. ఆసుపత్రి దూరమైనా ముందు ఈ పని చేసే బయలుదేరాలి.

2. పసుపు, సున్నం, కారం, కాఫీ పొడి, ఆకు పసరు పెట్టరాదు. గుడ్డతో బిగించి కట్టరాదు. మంత్రం వేయించడానికి ఒక్క గంట కూడా పోగొట్టుకోరాదు.

3. అదే రోజు ఆసుపత్రికి రావాలి. కండకు ఇచ్చే పద్ధతిలో, మొదటి సూది రోజును సున్నాగా లెక్కిస్తే 0, 3, 7, 14, 28 రోజులలో ఐదుసార్లు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0, 3, 7, 28 రోజులలో నాలుగుసార్లు వేస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదుల కాలం ఎప్పుడో పోయింది. ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ టీకా ఉచితం.

4. చర్మం తెగి రక్తం వచ్చిన గాయమైతే గాయం లోపల, చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వవలసి ఉంటుంది. టీటీ సూది సంగతి కూడా డాక్టరు చూస్తారు.

5. కరిచింది ఇంటి కుక్కయినా రావాలి. 10 రోజులు దానిని గమనించడం మంచిదే. ఆ పది రోజులు చూశాక సూది మొదలుపెడదామనడం మాత్రం ప్రాణాంతకం.

6. “గీత పడిందంతే” అని బిడ్డ చెప్పకుండా దాస్తాడు, దెబ్బలు పడతాయని భయపడి. కుక్క గీరినా కరిచినా అమ్మకు చెప్పాలని, చెప్తే కొట్టమని ముందే మాట ఇవ్వండి. ఈ ఒక్క మాట ప్రాణం కాపాడుతుంది.

చివరిగా

నాతాను ప్రవక్త దావీదు రాజుకు చెప్పిన ఉపమానం మనకందరికీ తెలుసు. బీదవాని ఇంట్లో ఒకే ఒక ఆడ గొర్రెపిల్ల వాని పిల్లలతో కలిసి పెరిగింది. పిల్లలు, జంతువు ఒక ఇంట్లో పెరగడం దేవునికి ఇష్టం లేని సంగతి కాదని ఇందువలన తెలుస్తుంది. ఆ ఇంటివాడు దానిని కొని, పెంచి, దగ్గరుండి చూసుకున్నాడు. అందుకే అది ఆ ఇంట్లో కూతురివలె ఉన్నది.

అంతటి తీరిక, ఓపిక మన ఇంట్లో ఉన్న రోజున కుక్కను తెచ్చుకుందాము. ఈలోపల ఎవరైనా “ఇప్పుడు వద్దు” అంటే, వారు మన బిడ్డ ముఖాన్ని, ఒక మూగజీవి బ్రతుకును తలచుకొని అంటున్నారేమో ఒకసారి ఆలోచిద్దాము.

ఇంట్లో కూర్చొని మాట్లాడుకోవడానికి

1. మన ఇంట్లో లేక పక్కింట్లో ఉన్న కుక్కకు ఈ ఏడు రేబీస్ టీకా వేశారా?
2. కుక్క గుర్రుమంటే ఏమి చేయాలో మన పిల్లలు చెప్పగలరా?
3. కుక్క కరిస్తే మొదట చేయవలసిన పని ఏమిటి? ఎన్ని నిమిషాలు?

ప్రభువు మీ ఇండ్లను, మీ చిన్నబిడ్డలను క్షేమముగా కాపాడును గాక.

— నర్సింగ్ సూపరింటెండెంట్, నర్సింగ్ విభాగము తరఫున