మద్దెల ఓడే కావచ్చు

చిట్టీ,

వద్దమ్మా. నీ షాపులో పెట్టే మారియో పోటీకి ప్రైజు నాలుగు వేలకి పెంచొద్దు. మనిషికి రెండొందల ఎంట్రీ ఫీజు అసలే వద్దు. ఆ సంగతి తర్వాత చెబుతాను. ముందు నీ ఉత్తరంలో నువ్వు పెద్దగా పట్టించుకోకుండా రాసేసిన ఒక వాక్యం ఉంది. నేను అక్కడే ఆగిపోయాను.

"రెండో రౌండులో ఓడిపోయిన కుర్రాడొకడు, నొక్కిన కాసేపటికి గానీ మారియో ఎగరట్లేదని గొడవపెట్టాడు మావయ్యా, ఓడిపోయి సాకులు చెబుతున్నాడని సర్దిచెప్పి పంపేశాను" అని రాశావు. పంపేశావా? ఆ అబ్బాయి ఏ టీవీ ముందు కూర్చున్నాడే? గోడకి బిగించిన కొత్త టీవీ ముందా, అమ్మమ్మ ఇంటి నుంచి తెచ్చుకున్న పాత డబ్బా టీవీ ముందా? నువ్వు రాయలేదు. అయినా నాకు తెలిసిపోయింది. గోడ టీవీ ముందే.

అతను చెప్పింది సాకు కాదు, నిజం. డబ్బా టీవీలో లోపలి కిరణం, గేము బాక్సు నుంచి వచ్చిన గీతను వచ్చినట్టే అద్దం మీద గీసేస్తుంది. దానికి ఆలోచించే పనే లేదు. కొత్త టీవీ అలా కాదు. బొమ్మ మొత్తం చేతికొచ్చేదాకా ఆగుతుంది. పాత గేము బాక్సు పంపేదాన్ని మామూలు టీవీ ప్రసారమనుకుని, బేసి గీతల్నీ సరి గీతల్నీ కలిపి ఒక బొమ్మ చెయ్యబోతుంది. ఆపైన దాన్ని పెద్దది చేసి, నునుపు చేసి, అప్పుడు చూపిస్తుంది. ఈ సింగారమంతా అయ్యేసరికి నాలుగైదు బొమ్మల కాలం గడిచిపోతుంది. సెకనుకి 60 బొమ్మలు, మన పాల్ సెట్లలో అయితే 50. అయిదు బొమ్మలంటే సెకనులో పదో వంతో, పన్నెండో వంతో. ఇంతేనా అనుకోకు. పూర్తి వేగంతో పరుగెత్తే మారియో ఒక్కో బొమ్మకి రెండున్నర చుక్కలు ముందుకెళతాడు. ఒక ఇటుక వెడల్పు 16 చుక్కలు. అంటే ఆ అబ్బాయి కంటికి మారియో గోతి అంచున కనపడేసరికి, బాక్సులో ఉన్న మారియో ముప్పాతిక ఇటుక ముందుకెళ్ళి గోతిలో పడిపోయి ఉన్నాడన్నమాట. పక్కవాడికి డబ్బా టీవీ ఇచ్చి, ఇతనికి గోడ టీవీ ఇచ్చి, ఇద్దర్నీ పోటీలో దింపావు.

నమ్మకం లేకపోతే నువ్వే చూసుకో. గేము బాక్సు నుంచి టీవీకి బొమ్మని తీసుకెళ్ళే పసుపు తీగని రెండుగా చీల్చే జాయింటు చవగ్గా దొరుకుతుంది. ఒకే బాక్సుని రెండు టీవీలకీ కలిపి, ఫోనులో స్లో మోషన్ పెట్టి రెండు అద్దాలూ ఒకే ఫ్రేములో పడేలా వీడియో తియ్యి. మారియో ఎక్కడ ముందు ఎగురుతాడో కళ్ళతో చూస్తావు. టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ ఉంటే పెట్టు, కొంత తగ్గొచ్చు. చాలా సెట్లలో పసుపు తీగ దగ్గర అది పెద్దగా ఉపయోగపడదు. (బాతుల్ని తుపాకీతో కాల్చే ఆట పెట్టమని ఎవరైనా అడుగుతారు చూడు, అది గోడ టీవీలో అసలు పనిచెయ్యదు. ఆ తుపాకీ డబ్బా టీవీ వెలుగుని చూసి గురి లెక్కపెట్టుకునేది.)

నిన్ను కోప్పడుతున్నాననుకోకు. కాస్త కోప్పడుతున్నాను లే. ఎందుకంటే ఈ తప్పు నేను చేశాను, నీకన్నా ఘోరంగా చేశాను.

1999 వేసవి. తెనాలిలో మన షాపులో అప్పుడు మూడు వీడియో గేము పెట్టెలు. ఒకటి ముస్తఫా. దాని అసలు పేరు కాడిలాక్స్ అండ్ డైనోసార్స్, కాప్‌కామ్ వాళ్ళు 1993లో తెచ్చారు. మన పిల్లలు అందులోని ఒక వీరుడి పేరే ఆటకి పెట్టేసుకున్నారు. రెండోది కార్ల పెట్టె. మూడోది కింగ్ ఆఫ్ ఫైటర్స్ 97. జనమంతా దాని చుట్టూనే. చెరో ముగ్గురు యోధులు, నాలుగు బటన్లు, రూపాయి బిళ్ళకి ఒక ఆట. ఎండల్లో స్కూళ్ళు లేవు కదా అని 16 మందితో పోటీ పెట్టాను. గెలిచినవాడికి మూడొందలు.

ఫైనల్‌కి వచ్చినవాళ్ళలో ఒకడు సైకిలు షాపులో పంచర్లు వేసే కుర్రాడు. పదిహేనేళ్ళుంటాయి. గోళ్ళ సందుల్లో ఎప్పుడూ సొల్యూషన్ మరకే. ఆ రోజు చేతులు శుభ్రంగా కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని వచ్చాడు. రెండో వైపు నిలబడ్డాడు. ఆ ఆటలో ఎ, బి బటన్లు రెండూ ఒకేసారి నొక్కితే మనిషి దొర్లి దెబ్బ తప్పించుకుంటాడు. అది పడకపోతే మూలకి నెట్టి కొట్టేవాడి చేతిలో అయిపోయినట్టే. మొదటి ఇద్దరు యోధులూ పోయాక వాడు నా వైపు తిరిగి, "అన్నా, బి పడట్లేదు" అన్నాడు.

నేను వెళ్ళి బి బటన్ని రెండుసార్లు నొక్కాను. తెర మీద వాడి బొమ్మ రెండుసార్లు కాలు విసిరింది. "పడుతోందిగా" అన్నాను. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. షాపు నిండా జనం, నేనేమో పెద్దమనిషిని. "ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికెవడో" అనేశాను. అందరూ గొల్లున నవ్వారు. వాడు మళ్ళీ పెట్టె వైపు తిరిగి మిగతా ఆట ఆడి, ఓడి, ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

రాత్రి షట్టరు దించాక ఎందుకో మనసొప్పక బటన్ల పలక విప్పి చూశాను. బి స్విచ్చుకి తగిలించే తీగ క్లిప్పు వదులైపోయి ఉంది. ఒక్క వేలితో మెల్లగా నొక్కితే తగులుతోంది. రెండు వేళ్ళతో ఎ, బి గట్టిగా నొక్కితే పలక రవంత కుంగుతోంది, ఆ కుంగుడుకి క్లిప్పు జారి ఊడుతోంది. వేలు తీస్తే మళ్ళీ తగులుతోంది. ప్లయరుతో ఒక్క నొక్కు నొక్కితే బిగిసిపోయింది. అర నిమిషం పని.

ఆ కుర్రాడు మళ్ళీ షాపులోకి రాలేదు. రోజూ సైకిలు మీద మా ముందు నుంచే వెళ్ళేవాడు, ఆగేవాడు కాదు. రోడ్డు దాటి వెళ్ళి "ఒరే, తప్పు నాదిరా, బటను నిజంగానే పడలేదు" అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండగానే వాళ్ళు ఊరు మారిపోయారు. పాతికేళ్ళు దాటింది. ఆ సామెత ఎవరి నోట విన్నా నాకు ఆ ఉతికిన చొక్కానే గుర్తొస్తుంది.

అందుకని నీకు నేను నేర్పగలిగేది ఒకటుంది చిట్టీ. ఓడినవాడు మద్దెల ఓడంటే ముందు మద్దెల చూడు. చూసేటప్పుడు నీకు తోచినట్టు కాదు, అతను ఎలా నొక్కాడో అలా నొక్కి చూడు. నేను బి ఒక్కటే నొక్కి చూశాను. వాడు నొక్కింది ఎ, బి కలిపి. గోడ టీవీ సంగతీ అంతే. పక్కన నిలబడి చూస్తే నీకేమీ తెలియదు, అతని కుర్చీలో కూర్చుని గేము రిమోటు చేతిలోకి తీసుకోవాలి. పదిసార్లలో తొమ్మిదిసార్లు సాకే కావచ్చు. కానీ ఆ తొమ్మిదింటికీ నీకయ్యే ఖర్చు ఒక్కోదానికి రెండు నిమిషాలే.

ఇప్పుడు ఆ రిమోట్ల సంగతి. లోపల రబ్బరు బటన్లకి అడుగున నల్లటి బిళ్ళలుంటాయి, అవి బోర్డు మీది నల్లటి గీతలకి తగిలితేనే నొక్కుడు పడుతుంది. చెమట, సమోసా నూనె, దుమ్ము అక్కడ చేరతాయి. స్క్రూలు విప్పి, దూదికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ రాసి మెల్లగా తుడువు. గీకొద్దు, ఆ నలుపు లేచిపోతే రిమోటు చచ్చినట్టే. గేము కేసెట్టు అడుగున ఇత్తడి రంగు పళ్ళని కూడా అలాగే తుడువు. మీ తమ్ముణ్ణి మాత్రం నోటితో ఊదనివ్వకు. ఊదితే పనిచేసిందని అందరం అనుకునేవాళ్ళం. నిజానికి బయటికి తీసి మళ్ళీ పెట్టడం వల్లే పనిచేసేది. నోటి తడికి ఆ పళ్ళు చిలుమెక్కుతాయి. ప్రతి ఆటకి ముందూ ఇద్దరికీ అర నిమిషం ఇచ్చి అన్ని బటన్లూ నొక్కి చూసుకోమను. మధ్యలో రిమోటు ఆగిపోతే ఆట అక్కడే ఆపించి, మొదటినుంచి ఆడించు. పక్కన ఇంకో మంచి రిమోటు సిద్ధంగా పెట్టుకో.

టీలు అమ్ముడుపోలేదన్నావు. ఎలా అమ్ముడుపోతాయే? 22 మందిని జంటలు కట్టావు. ఒక్క ఆటతో 11 మంది బయటికి. వాళ్ళు బస్సెక్కి వచ్చింది ఆ అయిదు నిమిషాలకా? ఓడినవాడు కాకినాడ ఎండలో ఇంటికి పోకుండా నీ షాపులో కూర్చోవాలంటే, వాడికి ఇంకో ఆట మిగిలి ఉండాలి. రెండుసార్లు ఓడితే గానీ బయటికి పంపకు. మొదటిసారి ఓడినవాళ్ళని వేరే వరసలో కలిపి ఆడించు, ఆ వరసలో చివరిదాకా నిలబడ్డవాడు ఫైనల్‌కి రావాలి. మారియోకి మూడు ప్రాణాలిచ్చారు, నువ్వు రెండైనా ఇవ్వవా! అమెరికాలో ఏటా జరిగే పెద్ద ఫైటింగ్ గేముల పండగ ఈవో కూడా ఈ పద్ధతిలోనే నడుస్తుంది.

దీనికి లెక్క ఉంది. ఒక్క ఓటమి పద్ధతిలో 16 మందికి 15 ఆటలు. రెండు ఓటముల పద్ధతిలో 30, ఒక్కోసారి 31. 22 మందైతే నలభై దాటిపోతాయి, పోయినసారిలా మళ్ళీ రాత్రి పదిన్నర, మళ్ళీ మీ నాన్న చేత మాట. అందుకని 16 మంది రాగానే పేర్లు ఆపెయ్యి. ఒక్కో ఆట మూడుకి రెండు గెలవాలని పెట్టకు, గడియారం పెట్టు. 1990లో నింటెండో వాళ్ళు అమెరికా ఊరూరా తిప్పిన పోటీలో ప్రతి ఒక్కరికీ 6 నిమిషాల 21 సెకన్లే. అందులోనే మారియోలో 50 నాణేలు ఏరాలి, కార్ల ఆటలో ఒక దారి ముగించాలి, మిగిలిన సమయమంతా టెట్రిస్. టెట్రిస్ పాయింట్లకి 25 రెట్లు. ఆ లెక్క అందరికీ ముందే తెలుసు కాబట్టి గొడవ లేదు. నువ్వు అయిదు నిమిషాలు పెట్టు, మార్పులకి రెండు. నాలుగింటికి మొదలుపెడితే మధ్యలో ఇరవై నిమిషాల టీ విరామం ఇచ్చినా ఎనిమిదికల్లా అయిపోతుంది. విరామం మాత్రం మానకు. నిలబడి చూసేవాడు ఆట వదిలి కౌంటరు దగ్గరికి రాడు. టీవీలు ఆపితేనే వస్తాడు.

ఇక డబ్బు. 1972 అక్టోబరు 19న స్టాన్‌ఫర్డ్‌లో కంప్యూటరు మీద స్పేస్‌వార్ ఆటకి పోటీ పెట్టారు. వీడియో గేముల పోటీల చరిత్ర ఎవరు చెప్పినా దానితోనే మొదలుపెడతారు. బహుమతి ఏమిటో తెలుసా? రోలింగ్ స్టోన్ పత్రిక ఏడాది చందా. నాలుగు వేలు పెడితే ఆట మీద ఇష్టమున్నవాళ్ళు వెనక్కి తగ్గి, డబ్బు కోసం వచ్చేవాళ్ళు ముందుకొస్తారు. అప్పుడు ప్రతి ఓటమీ గొడవే. పైగా ఫీజులన్నీ పోగేసి గెలిచినవాడి చేతిలో పెడితే అది పందెం అవుతుంది. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని తెలంగాణ వాళ్ళు 2017లో, మనవాళ్ళు 2020లో బిగించారు. నీకెందుకా తద్దినం? ఫీజు తీసుకోక తప్పకపోతే దానికి టీ, రెండు సమోసాలు ఇచ్చెయ్యి. గెలిచినవాడికి నీ చేతి కేకు, గోడ మీద పేరు. నీ దగ్గర నిజంగా ఖర్చు పెట్టడానికి డబ్బుంటే, అందరికన్నా ముందు రెండు ఆటలూ ఓడినవాడికి వచ్చే ఆదివారం టీ ఉచితమని చీటీ రాసివ్వు.

ఆ అబ్బాయి నంబరు నీ పేర్ల పుస్తకంలో ఉండే ఉంటుంది. ఈ ఉత్తరం చదివాక పసుపు తీగ పరీక్ష చెయ్యి. చేశాక అతనికి ఫోను చెయ్యి, మెసేజి పెట్టి ఊరుకోకు. "నువ్వు చెప్పింది నిజమే, టీవీదే ఆలస్యం, నేను నమ్మలేదు" అని ఆ మాటలే చెప్పు. వస్తాడో రాడో అతని ఇష్టం. ఎల్లుండికి వాయిదా వెయ్యకు.

అటక మీద మన 21 అంగుళాల డబ్బా టీవీ ఉంది కదా, రేపు ట్రాన్స్‌పోర్టులో వేస్తున్నాను. నీ రెండు టీవీలూ డబ్బాలే అవుతాయి. గోడ టీవీలో స్కోర్లు చూపించుకో. వెనక మూత మాత్రం ఎవరూ విప్పకండి, స్విచ్చి ఆపినా లోపల వేల వోల్టుల కరెంటు నిలిచి ఉంటుంది. ఇరవై కిలోల పైమాటే, దింపడానికి ఇద్దరుండండి. బరువంతా అద్దం వైపే, కాబట్టి అద్దాన్ని గుండెకి ఆనించుకుని ఎత్తాలి.

మావయ్య