మాత్ర మింగితే చాలదు, నోరు విప్పాలి

నడుం పట్టేసింది. పక్క వీధి ఆర్.ఎం.పి. దగ్గరికి వెళ్లారు. తెలిసిన మనిషి, అర్ధరాత్రి తలుపు తట్టినా విసుక్కోకుండా వచ్చేవాడు. సిరంజిలోకి మందు ఎక్కిస్తూ, "ఒక్క సూదేస్తే సాయంత్రానికల్లా లేచి తిరుగుతారు" అన్నాడు. మీరేమో రోజూ రాత్రి రక్తం పలచబడే మాత్ర వేసుకుంటున్నారు. ఆ సంగతి చెబుదామనే అనుకున్నారు. అంత ఆప్యాయంగా చూసేవాడికి అడ్డు చెబితే ఏం బాగుంటుందని ఊరుకున్నారు.

ఇప్పుడు ఏం జరుగుతుందో చూడండి. సూది దిగిన చోట కండలో చిన్న రక్తనాళం తెగుతుంది. మామూలు మనిషికైతే కాసేపట్లో అక్కడ రక్తం గడ్డకట్టి ఆగిపోతుంది. మీకు ఆగదు. లోలోపలే కారుతుంది. తెల్లారేసరికి పిరుదు రాయిలా గట్టిపడి, తొడ నల్లబడి, కాలు కదపలేని స్థితి రావచ్చు. పైగా ఆ సిరంజిలో ఉన్నది డైక్లోఫెనాక్ అయితే, అది కడుపులో కూడా రక్తస్రావం తెప్పించగలదు. ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా తప్పేది: "నేను రక్తం పలచబడే మాత్ర వాడుతున్నానండీ, నాకు కండకి సూది వద్దు, నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి చాలు."

ఈ వాక్యాన్ని ఇప్పుడే పైకి అనండి. నలుగురిలో అనడం అలవాటయ్యేదాకా ఇంట్లో అనండి. గుండె ధైర్యం గురించీ, వేదికలెక్కి మాట్లాడటం గురించీ ఎన్నో పుస్తకాలు చదువుతాం. ఇలాంటి మందు వాడేవాళ్లకు అన్నిటికంటే ముందు కావలసింది మాత్రం మొహమాటం లేకుండా నాలుగు ముక్కలు చెప్పగలగడం.

ఈ మాత్రలు ఎవరికిస్తారు? గుండెలో లోహపు వాల్వు పెట్టించుకున్నవాళ్లకు, గుండె లయ తప్పి కొట్టుకునేవాళ్లకు, కాలి సిరలో గానీ ఊపిరితిత్తిలో గానీ గడ్డ వచ్చినవాళ్లకు. చిన్నప్పటి గొంతునొప్పి, కీళ్లజ్వరం ముదిరి వాల్వులు పాడైనవాళ్లు మన పల్లెల్లో ఇప్పటికీ ఉన్నారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం వల్ల వాల్వు ఆపరేషన్ పేదింటి మనిషికి కూడా అందింది. ఆపరేషన్ ఒక్కరోజులో అయిపోతుంది. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు మాత్ర మాత్రం జీవితాంతం ఉంటుంది. మన దగ్గర ఎక్కువగా రాసేది అసినోకౌమరాల్, చాలామంది నోట అసిట్రామ్. వార్ఫరిన్ కూడా అదే కోవకు చెందింది.

వార్ఫరిన్ పుట్టుక తెలిస్తే దాన్ని ఎందుకంత జాగ్రత్తగా వాడాలో అర్థమవుతుంది. 1933లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో ఒక రైతు చచ్చిపోయిన తన ఆవునీ, పాలక్యాను నిండా గడ్డకట్టని దాని రక్తాన్నీ మంచుతుఫానులో బండిమీద వేసుకుని విశ్వవిద్యాలయానికి తెచ్చాడు. బూజుపట్టిన మేత తిన్న పశువులు అలా రక్తం కారి చచ్చిపోతున్నాయి. అక్కడి శాస్త్రవేత్త కార్ల్ పాల్ లింక్ బృందం ఏళ్లపాటు శ్రమించి ఆ మేతలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని ఆధారంగా తయారైన వార్ఫరిన్ 1948లో ఎలుకల మందుగా అంగట్లోకి వచ్చింది. 1954లో మనుషులకు వాడటానికి అనుమతి దొరికింది. మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కి అదే ఇచ్చారు. ఎలుకను చంపినదీ, అధ్యక్షుడికి వైద్యమైనదీ ఒకటే పదార్థం. తేడా అంతా మోతాదులో ఉంది.

ఆ మోతాదు సరిగ్గా ఉందో లేదో చెప్పేదే ఐ.ఎన్.ఆర్. పరీక్ష. మామూలు మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. ఈ మాత్రలు వాడే చాలామందికి 2కీ 3కీ మధ్య ఉండాలి. గుండెలోని మైట్రల్ అనే వాల్వు స్థానంలో లోహపు వాల్వు ఉంటే సాధారణంగా 2.5 నుంచి 3.5. తగ్గితే గడ్డ భయం, 5 దాటితే రక్తస్రావం భయం వేగంగా పెరుగుతుంది. మీది ఎంత ఉండాలో మీకు తెలుసా? తెలియకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడగండి. ఓపీలో వెనక యాభైమంది నిలబడ్డారని ఆగిపోకండి. ఆ అంకె మీ రక్తానిది, తెలుసుకునే హక్కు మీదే. వీలైనంతవరకు ఒకే ల్యాబులో చేయించుకోండి.

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం ఉంది. రిపోర్టులో 1.6 వచ్చింది. "మాత్ర రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగాడు. పెళ్లి హడావిడిలో మూడు రోజులు మానేసిన సంగతి చెబితే కోప్పడతాడని, "వేసుకుంటున్నానండీ" అన్నారు. పాపం ఆయన ఏం చేస్తాడు? మోతాదు సరిపోలేదనుకుని పెంచి రాస్తాడు. మీరు ఈసారి భయంతో ఒక్క రోజు కూడా తప్పకుండా, పెంచిన మోతాదు వేసుకుంటారు. అసలు మోతాదు ముందు నుంచీ సరైనదే. కొద్ది రోజుల్లో పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం ఆగదు. ఒక చిన్న అబద్ధం ఇంత పని చేస్తుంది. తిట్టినా సరే, నిజం చెప్పండి: "మూడు రోజులు మరిచిపోయానండీ."

మరిచిపోకుండా ఉండటానికి గోడమీది క్యాలెండరును మించింది లేదు. ఈ మందును చాలామందికి ఒక్కో రోజు ఒక్కో మోతాదులో రాస్తారు. సోమ, బుధ, శుక్రవారాల్లో 2 మిల్లీగ్రాములు, మిగతా రోజుల్లో 3, ఇలా. నెల మొదట్లోనే ప్రతి తేదీ గడిలో ఆ రోజు మోతాదు పెన్నుతో రాసేయండి. మాత్ర మింగిన వెంటనే టిక్కు పెట్టండి. పరీక్షకు వెళ్లేటప్పుడు ఆ పేజీని ఫోనులో ఫొటో తీసుకుని డాక్టరుకి చూపించండి. మాత్ర వేసుకునే వేళ సాయంత్రం అయితే మేలు. పొద్దున పరీక్ష చేయించుకుంటే, మోతాదు మార్పు ఏదైనా ఆ రాత్రికే అమలు చేయవచ్చు. ఒకపూట మరిచిపోయి అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. మర్నాడు గుర్తొస్తే వదిలేయండి, రెండూ కలిపి మింగొద్దు.

మందుల షాపులో కూడా నోరు విప్పాలి. 1 మిల్లీగ్రాము స్ట్రిప్పుకీ 4 మిల్లీగ్రాముల స్ట్రిప్పుకీ పేరు ఒకటే, అంకె ఒక్కటే తేడా. కౌంటరు దగ్గరే నిలబడి ఆ అంకె చదవండి. కళ్లజోడు లేకపోతే షాపువాడి చేత చదివించుకోండి. విరేచనాలు పట్టుకుంటే చీటీ లేకుండా కొనే మెట్రోనిడజోల్, తామరకు వారాల తరబడి మింగే ఫ్లూకొనజోల్, కొన్ని యాంటిబయాటిక్కులు ఐ.ఎన్.ఆర్.ని ఉన్నట్టుండి ఎగరేస్తాయి. టీబీకి వాడే రిఫాంపిసిన్, మూర్ఛకు వాడే కొన్ని మాత్రలు దాన్ని కిందికి లాగేస్తాయి. పారాసిటమాల్ కూడా రోజుల తరబడి వాడాల్సి వస్తే డాక్టరుకు చెప్పాలి. మూలికల పొడులు, కషాయాలు సరేసరి, లోపల ఏముందో అమ్మేవాడికీ తెలియదు. కొత్త మందు ఏది మొదలైనా, పాతది ఏది ఆగినా, మీ గుండె డాక్టరుకు ఒక ఫోను కొట్టి, పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో అడగండి.

తిండి విషయంలో మనవాళ్లు రెండు చివరలకూ పోతారు. ఆకుకూరల్లోని విటమిన్ కె ఈ మాత్రలకు ఎదురు పనిచేస్తుందని వినగానే తోటకూర, పాలకూర పూర్తిగా మానేస్తారు. అవసరం లేదు. వారానికి రెండుసార్లు తినే అలవాటుంటే అలాగే తినండి. ఇబ్బందల్లా ఒక్కసారిగా మార్చేయడంతోనే. ఆషాఢంలో మునగాకు తినాలని అత్తగారు రోజూ వండి పెడతారు. కార్తీకంలో ఉపవాసాలు. అయ్యప్ప దీక్షలో నలభై ఒక్క రోజులు ఒంటిపూట భోజనం. భక్తిని ఎవరూ కాదనరు. కానీ ఆ నెలలో తిండి మారుతోందని డాక్టరుకు ముందే చెబితే పరీక్ష ఒకటి ఎక్కువ రాస్తాడు. పెద్దావిడతో కూడా, "అత్తయ్యా, నాకు రోజూ వద్దు, ఎప్పట్లాగే తింటాను" అనవచ్చు. ఆవిడకు కావలసిందీ మీ ఆరోగ్యమే.

పన్ను పీకించుకోవాలంటే చాలామంది తమంతట తామే నాలుగు రోజులు మాత్ర ఆపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. లోహపు వాల్వు మీద గడ్డ కడితే వాల్వు బిగుసుకుపోతుంది. రోజూ వినిపించే టిక్కు టిక్కు శబ్దం మందగించి, ఆయాసం మొదలవుతుంది. అది ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి, వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి. ఐ.ఎన్.ఆర్. పరిధిలో ఉంటే ఒకటి రెండు పళ్లు మాత్ర ఆపకుండానే తీయవచ్చు. కుట్టు వేసి, రక్తం ఆపే మందుతో పుక్కిలింపజేసే పద్ధతులున్నాయి. పళ్ల డాక్టరుకు మొదటి మాటే ఈ మాత్ర సంగతి చెప్పి, గుండె డాక్టరుతో మాట్లాడమనండి.

ఇప్పుడు ఎపిక్సబాన్, రివరోక్సబాన్, డబిగాట్రాన్ అనే కొత్త రకాలు వచ్చాయి. వీటికి ఐ.ఎన్.ఆర్. పరీక్ష అక్కర్లేదు, ఆకుకూరల బెంగ లేదు. గుండె లయ తప్పినవాళ్లలో చాలామందికి, కాలిగడ్డ ఉన్నవాళ్లకు ఇవి చక్కగా పనికొస్తాయి. అయితే వీటి ప్రభావం ఒక్కరోజులో దిగిపోతుంది కాబట్టి మరిచిపోతే ముప్పు ఇంకా ఎక్కువ. రివరోక్సబాన్ 15, 20 మిల్లీగ్రాముల మాత్రలు అన్నంతోపాటే వేసుకోవాలి. మూత్రపిండాల పరీక్ష అప్పుడప్పుడూ తప్పదు. ఎదురింటాయన, "నేను ఇవి వాడుతున్నాను, హాయిగా ఉంది, నువ్వూ మారిపో" అంటే మాత్రం నవ్వి ఊరుకోండి. లోహపు వాల్వు ఉన్నవాళ్లకు ఇవి పనికిరావు. కీళ్లజ్వరం వల్ల వాల్వు దెబ్బతిని లయ తప్పినవాళ్లలో పాత రకం మందే మేలని 2022లో వెలువడిన పెద్ద అంతర్జాతీయ పరిశోధన తేల్చింది.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులకు ఒక ముఖ్యమైన సంగతి. అసినోకౌమరాల్ అక్కడ దొరకదు, వార్ఫరిన్ ఇస్తారు. రెండింటి మిల్లీగ్రాములూ సమానం కావు. ఉండబోయే నెలలకు సరిపడా మాత్రలూ, ఇంకొన్ని అదనంగానూ, డాక్టరు చీటీతో సహా చేతిసంచీలో పెట్టుకోండి. అక్కడ ఐ.ఎన్.ఆర్. ఎక్కడ చేయిస్తారో టికెట్టు కొనేముందే పిల్లల్ని అడిగి తెలుసుకోండి. అబ్బాయికి భారమవుతుందేమోనని పరీక్ష మానుకోవద్దు.

వాల్వు ఆపరేషన్ అయిన అమ్మాయిల విషయం చెప్పకుండా వదిలేయలేను. పెళ్లిచూపుల్లో ఆపరేషన్ సంగతి దాచే ఇళ్లున్నాయి. దాచితే ఆ పిల్ల మాత్ర కూడా దాచుకుని మింగాలి, లేదా మానేయాలి. రెండూ ప్రమాదమే. అసిట్రామ్, వార్ఫరిన్ గర్భం ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా పిండానికి ముఖ్యంగా హాని చేయగలవు. అలాగని తనంతట తాను ఆపేస్తే తల్లి ప్రాణానికే ముప్పు. అందుకే గర్భం రాకముందే భర్తతో కలిసి డాక్టరును కలవాలి. నెల తప్పితే ఆ వారంలోనే పరీక్ష చేసుకుని ఫోను చేయాలి. బహిష్టులో రక్తస్రావం విపరీతంగా పెరిగినా సిగ్గుపడకుండా చెప్పాలి. తల్లులారా, ఆపరేషన్ సంగతి మీరే పెళ్లికి ముందు చెప్పండి. విని వెనక్కి పోయే సంబంధం పోనివ్వండి.

మలం తారులా నల్లగా వస్తే, మూత్రం ఎర్రబడితే, ముక్కు నుంచి రక్తం పావుగంట గట్టిగా నొక్కినా ఆగకపోతే, భరించలేని తలనొప్పి వస్తే తెల్లారేదాకా ఆగకండి. తలకు దెబ్బ తగిలితే పైకి ఏమీ లేకపోయినా ఆసుపత్రికి వెళ్లి, ఈ మాత్ర వాడుతున్నానని చెప్పి, స్కాన్ అవసరమేమో అడగండి. బండి మీద వెళ్లేవాళ్లు హెల్మెట్ లేకుండా గేటు దాటొద్దు.

మూతి వంకరపోయి మాట పడిపోతే మీరు ఏమీ చెప్పలేరు. అప్పుడు ఇంట్లోవాళ్లు చెప్పాలి. పక్షవాతంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలా వద్దా అనేది మీరు ఏ మందు వాడుతున్నారు, చివరి మాత్ర ఎప్పుడు వేసుకున్నారు అన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ రోజే ఒక చిన్న కాగితం మీద మందు పేరు, మోతాదు, ఎందుకు వాడుతున్నారో, ఐ.ఎన్.ఆర్. ఎంత ఉండాలో, మీ డాక్టరు ఫోను నంబరు రాసి, ఫోను కవరు వెనక పెట్టండి. భార్యకో, కొడుక్కో, పక్కింటివాళ్లకో చూపించి, 108 వచ్చినప్పుడు మొదట ఇదే చేతికివ్వాలని, మాత్ర ఏ వేళకు వేసుకున్నదీ క్యాలెండరు చూసి చెప్పాలని అప్పజెప్పండి.