యంత్రమునకు ఊపిరి

నల్లగొండ, మహబూబునగరము జిల్లాల పల్లెలలో కమ్మరి కొలిమి నెరుగని పెద్దలు లేరు. బొగ్గులెన్ని యున్నను, తిత్తి నొత్తి గాలి నూదనిదే ఇనుము ఎఱ్ఱబడదు. మోటారుకారు ఇంజనునకును ఈ న్యాయమే వర్తించును.

ఇంజనులో పిస్టను క్రిందికి దిగినపుడు సిలిండరులోనికి గాలి ప్రవేశించును. ఆ గాలితో పెట్రోలు కలిసి మండి, పిస్టనును బలముగా నెట్టును. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 9 వేల లీటర్ల గాలి కావలెను. కావున పెట్రోలు నెక్కువగా పంపినంతమాత్రమున బలము పెరుగదు. తగినంత గాలియు లోనికి పోవలెను. ఆ గాలిని ఒత్తి పంపు సాధనమే సూపర్‌ఛార్జరు. బెల్టు ద్వారా గాని, పండ్లచక్రముల ద్వారా గాని ఇంజనే దీనిని త్రిప్పును.

అమెరికాలో రూట్సు సోదరులు 1860లో గాలి నూదు యంత్రమునకు పేటెంటు పొందిరి. ఇనుము కరగించు పెద్ద కొలుములకు అది మిక్కిలి ఉపయోగపడెను. 1885లో జర్మనీ దేశీయుడైన గాట్లీబ్ డైమ్లరు, ఇంజనులోనికి గాలి నొత్తి పంపు పద్ధతికి పేటెంటు పొందెను. ఈ విధముగా కొలిమి తిత్తి ఇంజనును చేరెను.

దీని మహిమ విమానములయందు వెల్లడియైనది. 5,500 మీటర్ల యెత్తున గాలి యొత్తిడి సముద్రతీరమున నుండుదానిలో సగము మాత్రమే. అచట సామాన్యమైన ఇంజను ఊపిరాడక నీరసించును. 1940లో బ్రిటనుపై జరిగిన ఆకాశయుద్ధమున స్పిట్‌ఫైర్, హరికేన్ విమానముల మెర్లిన్ ఇంజనులకు సూపర్‌ఛార్జర్లు ఉండెను. ఆ యుద్ధమున పోరిన 152వ, 253వ దళములకు హైదరాబాదు పేరు గలదు. నిజాము విరాళములే అందుకు కారణము. నల్లగొండ, మహబూబునగరములు ఆనాడు ఆ సంస్థానములోనివే.

సామాన్యమైన కారునకు దీని నమర్చవచ్చునా? అమర్చవచ్చును, కాని జాగ్రత్తలు పెక్కు గలవు. సైకిలునకు గాలి కొట్టునపుడు పంపు వేడెక్కుట బాలురెరిగినదే. అట్లే ఒత్తబడిన గాలియు వేడెక్కును. వేడి మితిమీరినచో పెట్రోలు అకాలమున మండి, పిస్టనుపై సమ్మెటపోటు వంటి దెబ్బ వేయును, పిస్టను పగులును. అందుచే ఆ గాలిని చల్లార్పవలెను. పెట్రోలు పాలు సరిచూడవలెను. లోని భాగములను దృఢపరుపవలెను. వేగము పెరిగినచో బ్రేకులును అందుకు తగినవై యుండవలెను. తయారీదారుల వివరములకు భిన్నముగా బండిని మార్చుటను 1988 నాటి మోటారు వాహనముల చట్టము నిషేధించుచున్నది. దారిన పోవువారి ప్రాణములకు రక్షణ కావలెను గదా!

ఇట్టిదే మరియొక సాధనము టర్బోఛార్జరు. ఇంజను విడిచిన పొగయే దీనిని త్రిప్పును. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బూషీ 1905లో దీనికి పేటెంటు పొందెను. నేడు లారీల డీజిలు ఇంజనులలో ఇది సర్వసాధారణము. ఈ మెట్టజిల్లాలలో బోరులారీపై నుండు డీజిలు ఇంజను గాలి నొత్తి, ఆ గాలి బలముతో నల్లరాతిని తొలుచును. రైతు అప్పుచేసి, తన పొలములో నీటికై ఎదురుచూచుచు నిలుచును. గాలి నెంత యొత్తినను రాతిలో లేని నీరు పైకి రాదు. వానల నీటిని చెరువులలో నిలుపుకొన్నవారికే ఆ యంత్రము సాయపడును. బలమును పెంచుకొనువాడు దానిని భరించు శక్తిని ముందుగా సమకూర్చుకొనవలెను.

ప్రశ్నలు
1. పెట్రోలు నెక్కువగా పంపినంతమాత్రమున ఇంజను బలము ఏల పెరుగదు?
2. సూపర్‌ఛార్జరునకును టర్బోఛార్జరునకును గల భేదమేమి?
3. కారునకు సూపర్‌ఛార్జరు నమర్చుటలో గల జాగ్రత్తలను వివరింపుము.